గుంటనీళ్ళ మెలానీ

మా మాల్పేర్ ఊళ్ళో పక్కింటివాళ్ళని రొట్టె అడగొచ్చు. ఉప్పు అడగొచ్చు, ఎద్దుని అడగొచ్చు, పెళ్ళికి వేసుకెళ్ళడానికి కోటు కూడా అడగొచ్చు. నీళ్ళు మాత్రం అడగకూడదు. ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు గానీ ఊరు పుట్టినప్పటినుంచీ ఉంది. ఈ సున్నపురాతి మెట్ట మీద వాగు లేదు, బావి లేదు. పడ్డ వాన పడ్డట్టే రాతి నెర్రెల్లోంచి దిగిపోయి, ఎక్కడో కింద లోయలో, మనకి పనికిరాని చోట ఊటగా పైకి వస్తుంది. అందుకని మా ముత్తాతలు ముందు నేలలో రాతిని తొలిచి తొట్టి కట్టారు, ఆ తర్వాతే దాని మీద ఇల్లు కట్టారు. పైన రాతిపలకల కప్పు, కప్పు అంచున చెక్క దోనె, దోనె చివర, తాడు గుంజినప్పుడల్లా అటున్నది ఇటు, ఇటున్నది అటు తిరిగే మూతి. మూతిని వీధివైపు తిప్పితే వాన వీధిపాలు, తొట్టివైపు తిప్పితే ఇంటిపాలు. మా ఊరి చరిత్ర అడిగితే నేను చెప్పేది ఇంతే. రాజులు పోయారు, విప్లవం వచ్చి గుడిగంటని కరిగించుకుపోయింది, మళ్ళీ కొత్త గంట వచ్చింది, యుద్ధం వచ్చి మగపిల్లల్ని ఊడ్చుకుపోయింది. దోనె మూతి మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఇక్కడ చిన్నపిల్లని చూస్తే "ఎవరమ్మాయివే" అని అడగరు. "ఏ తొట్టి నీళ్ళే నువ్వు?" అని అడుగుతారు.

మెలానీని కూడా అలాగే అడిగారు. అప్పుడు దానికి ఆరేళ్ళుంటాయేమో. బస్తీలో ఎవరో చర్చి మెట్ల మీద వదిలేసిన పిల్ల. అలాంటి పిల్లల్ని పెంచే సర్కారువాళ్ళు బండిలో తీసుకొచ్చి, మెడలో బిళ్ళతో సహా మా ఫిలొమెన్ అమ్మగారి వాకిట్లో దింపి పోయారు. గొర్రెల వెంట తిరగడానికి ఓ పిల్ల కావాలని ఆవిడ అడిగిందట. పక్కింటి యులీస్ అప్పటికి పదేళ్ళవాడు, గోడెక్కి కూచుని కాళ్ళూపుతూ అడిగాడు.

"ఏ తొట్టి నీళ్ళే నువ్వు?"

ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది? "నాకు తొట్టి లేదు," అంది.

"తొట్టి లేకపోతే గుంటనీళ్ళే! ఓయ్, రండ్రా! గుంటనీళ్ళు వచ్చింది!"

ఫిలొమెన్ అమ్మగారు కాలి చెక్కజోడు తీసి వాడి మీదికి విసిరింది. "నీ నోట్లో మన్ను పడ! దిగరా గోడ!" అని అరిచి, పిల్లని లోపలికి తీసుకెళ్ళి, తొట్టి మూత తీసి, ఓ గరిటెడు నీళ్ళు తోడి ఇచ్చింది. "తాగు. ఇవాళ్టినుంచీ ఈ ఇంటి నీళ్ళే నువ్వు. ఎవడడిగినా అదే చెప్పు."

అమ్మగారు చెప్పింది సరే, కానీ ఊరి నోరు ఎవరు మూస్తారు? ఆ పేరు అంటుకుపోయింది. గుంటనీళ్ళ మెలానీ. అది విని ఎవరూ చెడ్డగా నవ్వేవాళ్ళు కాదు, పిలిచేవాళ్ళు ప్రేమగానే పిలిచేవాళ్ళు. అయినా పిలిచిన ప్రతిసారీ మెలానీకి ఎక్కడో చురుక్కుమనేది. బయటికి మాత్రం "ఆఁ, వస్తున్నా," అని నవ్వుతూ పోయేది.

దానికి కృతజ్ఞత ఓ జబ్బులా ఉండేది. వాన పడితే వానకి దణ్ణం, గొర్రె ఈనితే గొర్రెకి దణ్ణం. ఎవరింట్లో పురుడైనా, చావైనా, ఉన్ని కత్తిరింపైనా, పంది కోతైనా పిలవకుండానే వెళ్ళి చాకిరీ చేసేది. "కూచోవే, ఓ ముక్క తిను," అంటే సూపులో రై రొట్టె ముంచుకుని, ఇంత చీజు ముక్క పెట్టుకుని, అదేదో విందైనట్టు మురిసిపోయేది. అలా ఊళ్ళో అన్ని ఇళ్ళ నీళ్ళూ తాగింది. కళ్ళు మూసుకుని ఓ గుక్క పోసినా ఏ ఇంటివో చెప్పేసేది. నోయెమీ వాళ్ళవి చెస్ట్‌నట్ చెక్క వాసన. పాద్రిగారివి కాస్త నాచు. యులీస్ వాళ్ళవి నాలిక్కి సున్నం. "వాడి నోరులాగే," అనేది మెలానీ.

ఫిలొమెన్ అమ్మగారు పోతూ పోతూ ఊరి పైకొసన ఉన్న చిన్న ఇల్లు దానికి రాసిచ్చింది. ఇల్లంటే ఏదో అనుకునేరు, ఒక గది, కింద మేకల కొట్టం. అమ్మగారి మేనల్లుళ్ళు ఎగిరిపడ్డారు గానీ ఆవిడ మాట మాటే. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఇంటికింద తొట్టి ఉంది. మొదటిరోజు సాయంత్రం మెలానీ ఆ తొట్టి మూత మీద అరచెయ్యి ఆనించి, నేల మీదే చాలాసేపు కూచుంది. ఆ తర్వాత రోజూ పడుకోబోయే ముందు అలాగే చెయ్యి ఆనించి "దణ్ణం అమ్మగారూ," అనడం అలవాటైంది. ఇన్నేళ్ళ బతుకులో తనదంటూ ఉన్నది అదొక్కటే.

పక్క ఇల్లు యులీస్‌ది. పెళ్ళీ పెటాకులూ లేవు. దేవుడంటే నమ్మకం లేదు, పాద్రిగారు కనిపిస్తే కావాలని టోపీ దించుకోడు. వాడి పొట్టేలు వచ్చి మెలానీ క్యాబేజీలు తినేది. మెలానీ కర్ర పుచ్చుకుని తరిమేది, వాడు గోడ మీంచి అరిచేవాడు.

"నా పొట్టేలు జోలికొస్తే బాగుండదు, గుంటనీళ్ళూ!"

"నీ పొట్టేలుకి నీకంటే బుద్ధుంది. కనీసం దానికి ఏది తినాలో తెలుసు. నీకు ఏది మాట్లాడాలో తెలీదు!"

ఏళ్ళ తరబడి ఇదే పాట. చివరికి ఊళ్ళోవాళ్ళు ఆ అరుపులు వినిపించకపోతే ఒంట్లో బాగాలేదేమో అని కంగారుపడేవాళ్ళు.

యుద్ధం ముగిసిన మూడో ఏడు వానలు మొహం చాటేశాయి. శీతాకాలం మంచు పడలేదు, వసంతంలో చినుకు లేదు. వేసవి సగమయ్యేసరికి ఊరి తొట్లలో చేద వేస్తే ముందు రాయి చప్పుడు, తర్వాత నీళ్ళ చప్పుడు. మెలానీ తొట్టి అందరి తొట్ల కంటే చిన్నది. పాపం అది తన మొహం కడుక్కోవడం మానేసి ఆ నీళ్ళు మేకలకి పోసింది. ఇంకొన్నాళ్ళకి చేదకి బురద తగిలింది. ఆ తర్వాత బురద కూడా లేదు. ఆఖరి రోజుల్లో కూజాతో లోయలోకి దిగి, ఊట దగ్గర పట్టుకుని, మళ్ళీ ఆ ఎత్తంతా ఎక్కి వచ్చేది. మోకాళ్ళు పట్టేశాయి. తనకైతే సరిపోతుంది, మేకలకి ఎలా?

లోయలో బస్తీలో సిస్టర్లు నడిపే ఆస్పత్రికి బట్టలుతికే మనిషి కావాలన్నారు. తిండీ, పడకా వాళ్ళే ఇస్తారు. మెలానీ ఓ నిర్ణయానికి వచ్చింది. సెప్టెంబరు సంతలోగా వాన పడితే సరి. లేదంటే మేకల్ని సంతకి తోలి, ఇంటికి తాళం పెట్టి, దిగిపోవడమే. ఎవరితోనూ చెప్పలేదు, ఒక్క నోయెమీతో తప్ప. నోయెమీ మొగుడు యుద్ధంలో పోయాడు, ఇద్దరు పిల్లలు.

"ఓసి పిచ్చిదానా, వెళ్ళిపోతావా? ఇల్లొదిలి?"

"ఏం చెయ్యను చెప్పు? ఇన్నాళ్ళు ఉంచారు. అదే గొప్ప."

నోయెమీ తొట్టిలో ఇంకా మోకాలి లోతు నీళ్ళున్నాయి. ఓ కుండ ఇద్దామని నోటిదాకా వచ్చింది. కానీ అడగకుండా నీళ్ళిస్తే, నీకు దిక్కు లేదే అని మొహాన అన్నట్టు మా ఊళ్ళో. మెలానీయేమో చస్తే అడగదు. ఇద్దరూ వాకిట్లో కూచుని ఎండిపోయిన ఆకాశం చూస్తూ వేరే ఏవో కబుర్లు చెప్పుకున్నారు. ఇలాంటి కట్టుబాట్లు చేసినవాళ్ళని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది!

సంతకి వారం ముందు పాద్రిగారు గుడిలో ప్రకటించారు. లోయ అవతలి పునీతురాలి గుడికి ఊరంతా ఊరేగింపుగా వెళ్ళాలి, వానకి మొక్కుకోవాలి. పిల్లా జెల్లా, ముసలీ ముతకా, నడవగలిగినవాళ్ళంతా బయల్దేరారు. మరి గొర్రెల్ని ఎవరు చూడాలి? ఇంకెవరు, మెలానీయే. దానికీ వెళ్ళాలని ఉంది. అందరికంటే దానికే అవసరం. అయినా "వెళ్ళి రండమ్మా, నా పేరు చెప్పి ఓ కొవ్వొత్తి వెలిగించండి," అని, ఊరి మందని తోలుకుని తెల్లారకుండానే పైమెట్టకి పోయింది. యులీస్ ఎలాగూ ఊరేగింపుకి పోడు. నాగలి కర్రు సాగగొట్టించుకోవాలని కమ్మరి దగ్గరికి బస్తీకి పోయాడు, అందరికంటే ఆఖర్న.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఎండాకాలమంతా మా కప్పుల మీద దుమ్ము, ఆకులు, పావురాళ్ళ రెట్టలు పేరుకుంటాయి. ఆ మురికి తొట్టిలో పడకుండా దోనె మూతుల్ని వీధివైపు తిప్పి ఉంచుతాం. మొదటి వాన కప్పు కడుగుతుంది. అప్పుడు ఎవరో ఒకరు పరిగెత్తి మూతి లోపలికి తిప్పుతారు. ఆ రోజు ఊరంతా వాన కోసం మొక్కుకోవడానికి పోయింది, పోయినవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు దోనె మూతి తిప్పలేదు! ఇంతోటి నమ్మకానికి ఆ పునీతురాలు వాన కురిపించిందంటే ఆవిడ ఓర్పుకి దణ్ణం పెట్టాలి.

మధ్యాహ్నం దాటాక దక్షిణాన మబ్బు లేచింది. మెలానీ మొదట నమ్మలేదు. ఇలాంటి మబ్బుల్ని ఆ ఏడు చాలా చూసింది. కానీ ఇది నల్లగా, అడుగున పసుపు కలిసి, నేలకి ఆనుకుని వస్తోంది. మంద దగ్గరగా ముడుచుకుంది. గాలి ఒక్కసారిగా చల్లబడింది. మెలానీ ఊరివైపు చూసింది. దోనెలు!

మందని రాతిగుహలోకి తోలి, కుక్కని కాపలా ఉంచి, పట్టిన మోకాళ్ళ సంగతే మర్చిపోయి పరుగు పెట్టింది. కప్పులు కడిగేదాకా ఆగడానికి వీల్లేదు. ఊరంతటికీ తనొక్కతే. మురికి అడుక్కి దిగుతుంది, పోయిన నీళ్ళు మాత్రం తిరిగిరావు. దారిలో మొదట వచ్చేది తన ఇల్లే. దుమ్ము లేచి కళ్ళు కనపడటం లేదు, వడగళ్ళకి భయపడి తలమీద ఏప్రన్ కప్పుకుంది. చెయ్యి చాచి, ఇన్నేళ్ళ అలవాటుకొద్దీ మూతి తాడు పట్టి ఒక్క గుంజు గుంజింది, అది టక్కుమని తిరిగింది, తను ఆగలేదు.

అక్కణ్ణించి వీధంతా పరుగే. తర్వాతది యులీస్ ఇల్లు. చెయ్యి చాచి ఆగిపోయింది. మూతి అప్పటికే తొట్టివైపు ఉంది! అంత కంగారులోనూ దానికి నవ్వొచ్చింది. "వోరి నీ ఇల్లు బంగారంగానూ! దేవుణ్ణి నమ్మని సన్నాసి, వానని నమ్మాడు చూడు!" అనుకుంటూ పరిగెత్తింది. నోయెమీ ఇంటి మూతి బిగుసుకుపోతే రాయితో కొట్టింది. ఇంకో ఇంట్లో తాడు తెగితే గోడెక్కింది. వడగళ్ళు చేతుల మీద పడి వాతలు తేలాయి. చిట్టచివర పాద్రిగారి ఇల్లు. అది తిప్పేసరికి వాన కుండపోత.

గుడి వరండాలో చతికిలబడి వింది. ఊరు ఊరంతా నేలకింద గలగలమంటోంది. ప్రతి ఇంటికింద తొట్టిలో నీళ్ళు పడుతున్న చప్పుడు. మెలానీకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. "దణ్ణం తల్లీ, దణ్ణం," అని పునీతురాలికి చెప్పుకుంది. ఫిలొమెన్ అమ్మగారికి చెప్పుకుంది. ఇక సంతకి పోనక్కర్లేదు. బట్టలుతకనక్కర్లేదు. ఇల్లు మిగిలింది.

వాన తెరిపిచ్చాక ఇంటికి ఎక్కింది. తొట్టి మూత తీసింది. చేద వేసింది. రాయి చప్పుడు. అంతే.

బయటికొచ్చి చూస్తే దోనె మూతి వీధివైపు ఉంది. గుమ్మం ముందంతా కోసుకుపోయి కాలవైంది.

తిప్పాను కదా! అందరికంటే ముందు నాదే తిప్పాను కదా! ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. మెల్లిగా పైమెట్టకి పోయి మందని తోలుకొచ్చి ఎవరి గొర్రెల్ని వాళ్ళ దొడ్లోకి చేర్చింది. తర్వాత తన మేకల మెడలకి సంత తాళ్ళు కట్టి, గుమ్మంలో కూచుంది.

ఊరేగింపు తిరిగొచ్చింది, తడిసి ముద్దై, పాటలు పాడుతూ. పాద్రిగారు తన తొట్టి చూసి "అద్భుతం! అద్భుతం!" అని చేతులెత్తారు. నోయెమీ మాత్రం దోనె మూతి చూసింది, దాని పక్కన పడి ఉన్న రాయి చూసింది. "అద్భుతం సరే ఫాదర్‌గారూ, మూతులు ఎవరు తిప్పారు? పునీతురాలు ఇల్లిల్లూ తిరిగి రాయితో కొట్టిందా?" అంది. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఊళ్ళో ఉన్నది ఒక్కతే. పొలోమని పైకొసకి ఎక్కారు.

మెలానీ లేచి నిలబడింది. చేతులనిండా వాతలు.

"అన్నీ తిప్పానమ్మా. నాదీ తిప్పాను. మొట్టమొదట నాదే. ఎలా జరిగిందో నాకే తెలీడం లేదు. తొట్టి ఖాళీగా ఉంది."

అప్పుడే యులీస్ కర్రు భుజాన వేసుకుని వచ్చాడు. గుంపుని తోసుకుని, ఆ మూతిని చూసి, వాడి మొహం కందగడ్డైంది.

"ఎవడు తిప్పాడిది? ఎవడే? పొద్దున పోతూ పోతూ నేను లోపలికి తిప్పి పెట్టానే!"

అందరూ వాడివైపు తిరిగారు. తను ఏమన్నాడో యులీస్‌కి అప్పుడు అర్థమైంది. "అంటే... మూతి నా తలకి తగిలేట్టుందని తోశాలే," అని గొణిగాడు.

"ఆకాశంలో ఉన్న మూతి నీ తలకెలా తగిలిందయ్యా?" అంది నోయెమీ.

మెలానీ వాణ్ణే చూస్తోంది. "నువ్వు లోపలికి తిప్పావా? నా మూతి? నువ్వు?"

"నువ్వు మందతో పోయావు. నా మోకాలు సలుపుతోంది, వానొస్తుందనిపించింది. సర్లే, ఈ దిక్కుమాలినదానికి చుక్క లేదు కదా అని..."

"నేనూ తిప్పాను యులీస్. చూడకుండా."

"చూడకుండా!" యులీస్ కర్రు కింద పడేశాడు. "నా జన్మకి ఒకే ఒక్క మంచిపని చేశాను! ఒక్కటి! అదీ నీ చేత్తో నువ్వే తిప్పి అవతల పారేశావు కదే! నీ దుంప తెగ!"

మెలానీకి ముందు నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వింది. ఊరంతా నవ్వింది, పాద్రిగారితో సహా. నవ్వుతూ నవ్వుతూనే అది గుమ్మంలో కూలబడి ఏప్రన్‌లో మొహం దాచుకుంది. నవ్వులు ఆగిపోయాయి. మేకల మెడల్లో కొత్త తాళ్ళు అందరికీ కనిపించాయి.

ఎవరూ కదల్లేదు. నీళ్ళు అడగకూడదు. అడగకుండా ఇవ్వకూడదు. ఊరి నిండా నీళ్ళున్నాయి, ఊరంతా దిష్టిబొమ్మల్లా నిలబడింది.

యులీస్ వాళ్ళింట్లోకి పోయాడు. రెండు చేదలు నింపుకుని వచ్చాడు. మెలానీని దాటుకుని లోపలికి వెళ్ళాడు. అడుగున రాతి మీద నీళ్ళు పడ్డ చప్పుడు అందరికీ వినిపించింది.

"నేను అడగలేదు!" మెలానీ లేచి నిలబడింది. "నేను నిన్ను ఏమీ అడగలేదు యులీస్!"

"అడగలేదులే, నోరు ముయ్యి."

"నీ మూతి నువ్వే తిప్పుకున్నావు కదా," అంది నోయెమీ, కళ్ళు తుడుచుకుంటూ. "మేమంటే దానికి బాకీ. నీకేం బాకీ?"

యులీస్ ఖాళీ చేదలకేసి చూస్తూ చెప్పాడు. "పదేళ్ళప్పుడు గోడెక్కి దీన్ని గుంటనీళ్ళు అన్నాను. ఇప్పటిదాకా అంటూనే ఉన్నాను. నోరు కడుక్కోవాలిగా."

ఇక ఆగలేదు ఎవరూ. "నువ్వు పట్టిన నీళ్ళే నీకు తెస్తున్నామే, ఇవ్వడం కాదిది," అంటూ నోయెమీ పరిగెత్తింది. చేదలు, కుండలు, పాలక్యానులు, పిల్లల చేతుల్లో గిన్నెలు. పాద్రిగారు పైఅంగీ ఎగదోపి బిందె మోశారు. ఒకరి నీళ్ళు పోసేలోపు ఇంకొకరు వెనకనుంచి "జరగండమ్మా, జరగండి," అని తొందర. పొద్దు గుంకేదాకా వీధంతా చిందిన నీళ్ళే. మెలానీ గుమ్మం పక్కన నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకీ దణ్ణం చెప్పబోయింది. తర్వాత్తర్వాత మాటలు మానేసింది. ఊరికే వాళ్ళ చేతులు పట్టుకుని వదిలింది.

అంతా దిగిపోయాక యులీస్ మిగిలాడు, గోడకి ఆనుకుని. మెలానీ మేకల తాళ్ళు విప్పింది. చేద వేసింది. నీళ్ళ చప్పుడు, అదీ మెత్తగా. గరిటెడు తోడి, కళ్ళు మూసుకుని తాగింది.

"ఏ తొట్టివే?" అన్నాడు యులీస్.

అది ఇంకో గుక్క తాగింది. నాలికతో తిప్పి తిప్పి చూసింది.

"తెలీడం లేదు యులీస్. ఏ ఇంటివో చెప్పలేకపోతున్నాను. అందరివీ ఉన్నాయి ఇందులో."

యులీస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పాద్రిగారికి కూడా ఏనాడూ తియ్యని టోపీ అది.

"అయితే నాకో గరిటెడు పొయ్యవే, మెలానీ," అని అడిగాడు.